సర్పి మంటకు పచ్చి అనపగింజలు

ఆ పొద్దు నాది కాణిపాకం ట్రిప్పు. ఎండాకాలం, బస్సు నిండా జనం. నేను కండక్టరుని. చిత్తూరు డిపోలో ఆడ కండక్టర్లం అప్పటికి కొందరమే, అందుకని నోరు రవంత పెద్దదిగానే పెట్టుకోనుండాను. "ముందుకు జరగండప్పా, లోపల ఖాళీగా ఉండాది, వాకిలి కాడ ఏం పెండ్లి జరగతా ఉండాదా?" అని అరస్తా టికెట్లు కొడతా ఉంటే, ఎడమ పక్క రొమ్ము కింద నుంచి ఈపు దాకా సుర్రుమన్నాది. ఎవురో అగరొత్తితో కాల్చినట్టు. ఎవురన్నా బీడీ గాని తగిలిచ్చినారేమోనని ఎనక్కి తిరిగి సూసినాను. ఒక ముసలామె ఒళ్ళో టెంకాయలు పెట్టుకోని నిద్రపోతా ఉండాది, అంతే.

కండక్టరు సంచి పట్టీ నాకు కుడి భుజం మీద నుంచి ఎడమ పక్కకి వస్తాది. సంచి ఆనేది సరిగ్గా ఆ మంట పుట్టిన చోటే. ఆ దినం బస్సు ఊగినప్పుడల్లా ప్రాణం పోయినట్టుండాది. సాయంత్రం ఇంటికి పొయ్యి రైక ఎత్తి సూసుకుంటే ఏమీ లేదు, తోలు నున్నగా ఉండాది. అదే నాకు భయమైపోయినాది. గాయం కనపడితే ఇది గాయం అనుకుంటాము. ఏమీ కనపడకుండా మండతా ఉంటే ఏమనుకునేది?

అదీ ఎడమ పక్క. మా డిపోలో ఒక డ్రైవరు అంతకు ముందు ఏడాదే స్టీరింగు మీదనే గుండె ఆగి పోయినాడు. నాకు నలబై ఆరేండ్లు. తెల్లారినాక మా ఆయన్ని ఎంటబెట్టుకోని ఆస్పత్రికి పొయ్యి ఈసీజీ తీపిచ్చుకున్నాను. డాక్టరు కాయితం సూసి, "గుండె బ్రహ్మాండంగా ఉందమ్మా. గ్యాస్ అయ్యుంటుంది" అని తెల్ల మాత్రలు రాసిచ్చినాడు. మా ఆయన గోవిందు మోటార్లకు వైండింగు చుట్టే మనిషి, మాటలు తక్కువ. దావలో ఒకే మాట అన్నాడు. "గ్యాస్ అయితే మంచిదే లే రత్నా. మజ్జిగ తాగితే పోతాది."

మూడో దినం పొక్కులు లేసినాయి. ఎర్రగా, నీళ్ళు పట్టి, గుంపులు గుంపులుగా, రొమ్ము కింద నుంచి ఎన్నెముక దాకా పట్టీ కట్టినట్టు. మా నాయన అప్పుడు ఐరాల పక్క మా పుట్టిన ఊర్లో ఉండాడు, చెరుకు మడి సూసుకుంటా. మా ఆయన ఫోను జేస్తే మద్దేనానికంతా బస్సెక్కి వచ్చేసినాడు. నా ఈపు సూసినాడు.

"ఇది సర్పి. అక్కి అంటారు దీన్నే. దీనికి డాక్టర్లు పనికిరారు పాపా. కుమ్మరాయనతో రాపియ్యల్ల."

మా పక్క ఇది అందరికీ తెలిసిన పనే. కుమ్మరాయన జేగురు మట్టి నూరి, ఆ పొక్కుల చుట్టూ సింహం బొమ్మ రాస్తాడు. సింహాన్ని సూసి సర్పి పారిపోతాదని నమ్మకం. మా జేజికి రాసినారు, మా మేనత్తకు రాసినారు, ఇద్దురూ లేసి తిరిగినారు. ఇంకొక నమ్మకం గూడా ఉండాది. సర్పి ఒంటిని చుట్టుకుంటా పోతాదంట. దాని తల, తోక కలిసినాయంటే మనిషి దక్కరు. నాయన ఈ మాట నా ముందర అన్లేదు. వాకిట్లో మా ఆయనతో గుసగుసగా అన్నాడు. నాకు వినపడింది.

ఐరాలకు పొయ్యి రాపిచ్చుకున్నాను. ఆ కుమ్మరాయన మంచోడే, అబద్ధం ఎందుకు. పొక్కు పగలకుండా కోడి ఈకతో మెల్లిగా రాసినాడు. సల్లగా ఉండాది, నిమ్మళంగా గూడా అనిపిచ్చింది. దుడ్లిస్తే తీసుకోలేదు, దీనికి తీసుకోకూడదంట. మూడు మార్లు రాయల్ల, దినం మార్చి దినం, అన్నాడు. ఆ మిగతా పత్తెమంతా మా నాయన పెట్టిందే. రాసినాక గడప దాటకూడదు. నీళ్ళు పోసుకోకూడదు. సూది మందు తగలకూడదు, తగిలితే సర్పి కోపగిచ్చుకుంటాది. బస్సులో ఇంతమందిని అదిలిచ్చే దాన్ని, నాయన మాటకు నోరెత్తలేదు. ఎందుకంటే భయం. భయపడినోళ్ళకు ఎవురు గట్టిగా చెప్తే వాళ్ళే డాక్టరు.

అయిదు దినాలు మా పుట్టింట్లో వసారాలో పడుకోనుండాను. పొద్దున లేస్తానే, నాకు తోడుగా వచ్చి ఉండిన మా ఆయన్ని పిలిచి, వైండింగుకు వాడే గుడ్డ టేపు ఇచ్చి, ముందర ఆఖరి పొక్కు నుంచి ఈపు మీద ఆఖరి పొక్కు దాకా కొలవమనేదాన్ని. తలకూ తోకకూ ఇంక ఎంత దూరముండాదో తెలుసుకోవాల కదా!

"నిన్నటి మాదిరే ఉండాది" అంటాడు ఆయన.

"సరిగ్గా సూడయ్యా!"

"సూసినా లే."

"నా తలకాయ సూసినావు. ఇంగో మారు కొలువు."

ఇప్పుడు తలుచుకుంటే నగొస్తాది. అప్పుడు మాత్రం, ఆ టేపు ఈపు మీద ఆనిన ప్రతిసారీ, నా సావును కొలస్తా ఉండాడనే అనుకున్నాను.

ఆరో దినం జొరం వచ్చింది. మా ఆయన నాయన్ని అడగలేదు, నన్నూ అడగలేదు. ఆటో పిలుచుకొచ్చి ఎక్కమన్నాడు. చిత్తూర్లో తోలు డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టినాడు. ఆమె నా ఈపు మీద ఎర్ర సింహాన్ని సూసి నగలేదు, కోప్పడలేదు. తడి దూదితో మెల్లిగా తుడిచింది.

"హెర్పిస్ జోస్టర్ ఇది. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది మేడం, రెండో తరగతిలో."

"అదే వైరస్. అప్పటి నుంచి వెన్ను పక్కన నరం మొదట్లో పడుకొని ఉంది. ఇప్పుడు లేచింది. పొక్కులు ఎప్పుడు వచ్చాయి?"

చెప్పినాను. ఆమె పెన్ను ఆపేసింది. "డెబ్బై రెండు గంటల లోపల వస్తే ఎసైక్లోవిర్ అనే మందు బాగా పని చేసేదమ్మా. ఇప్పుడు కూడా ఇస్తాను. కానీ ఎంత పని చేస్తుందో చెప్పలేను."

నేను అడగాలనుకున్నది ఒకటే. సిగ్గు ఇడిసి అడిగేసినాను. "తల, తోక కలుస్తాయా మేడం?"

"కలవవు. నరం వెన్ను దగ్గర మొదలై ముందు మధ్యలో ఆగిపోతుంది. ఇది ఆ నరం దావలోనే పోతుంది. మీకు ఏమీ కాదు."

గుండెల మీద రాయి దించినట్టు అయినాది. ఆ సంతోషంలో ఆమె అన్న ఇంకొక మాట చెవికెక్కలేదు. "పొక్కులు పోయాక కూడా నొప్పి కొన్ని నెలలు ఉండొచ్చు" అనింది. షుగరు, రక్తం అన్నీ పరీచ్చ చేసినారు, ఏమీ లేదు. ఏడు దినాలు మందు మింగినాను. పొక్కులు ఎండి, పక్కు గట్టి, రాలిపోయినాయి. మచ్చలు మిగిలినాయి. నొప్పి మిగిలింది.

ఆ నొప్పి ఎట్టాదో చెప్పడానికి నాకు ఈ పొద్దుకీ మాటలు సాలవు. నొక్కితే నొయ్యదు. గుడ్డ తగిలితే నొస్తాది. ఫ్యాను గాలికి పైట కదిలితే అగ్గి. ఉన్నట్టుండి కరెంటు షాకు మాదిరి కొడతాది, మనిషి ఎగిరిపడతాది. నూలు రైకలన్నీ లోపలి పక్క బయటికి తిప్పి తొడుక్కున్నాను, కుట్లు తగలకుండా. మా ఆయన పక్కన కూర్చోడానికి వస్తే "దూరం, దూరం" అని చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. కట్టుకున్నోడు తాకుతాడని భయపడేది ఎంత పాపిష్టి బతుకో సూడండి.

తిరపతిలో నరాల డాక్టరుకు సూపిచ్చినాము. "పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా" అన్నాడు. నేను దాన్ని నాలుగు మార్లు చెప్పిచ్చుకోని టికెట్టు ఎనక రాసుకున్నాను. జబ్బుకు పేరుంటే మందుంటాదని నా ఆశ. ఆయన ఎమిట్రిప్టిలిన్ అని చిన్న మాత్ర, గాబాపెంటిన్ అని క్యాప్సూలు రాసినాడు. "నరం దెబ్బతిని తప్పుడు కబురు పంపిస్తా ఉంది. ఇవి ఆ కబురును తగ్గిస్తాయి. టైం పడుతుంది. మీ అంతట మీరు ఆపొద్దు" అని రెండు మార్లు చెప్పినాడు.

సెలవు అయిపోయి డ్యూటీకి పొయ్యినాను. మాత్రలకు కండ్లు మూతలు పడతా ఉండాయి. తలపులపల్లి కాడ దిగాల్సినోళ్ళను దించకుండా బస్సుకు రైటు చెప్పేసినాను. సంచి కుడి పక్కకు మార్చినా, జనం తోసినప్పుడు మోచెయ్యి తగిలితే బస్సులోనే కేక పెట్టేదాన్ని. ఒక దినం అట్ట కేక పెట్టి కింద కూర్చుండిపోయినాను. డిపోలో మేనేజరు పిలిచి, మర్యాదగానే చెప్పినాడు. "మునిరత్నమ్మా, ఇంకో రెండు నెలలు చూద్దాం. అప్పటికీ సంచి మొయ్యలేకపోతే మెడికల్ బోర్డుకు రాయాల్సి వస్తుంది. అన్‌ఫిట్ అంటే నేను చేసేదేమీ లేదు."

అన్‌ఫిట్! కండక్టరు ఉద్యోగం నేను ఊరంతా ఎగతాళి చేస్తా ఉంటే తెచ్చుకున్నది. "ఆడది బస్సులో మొగోళ్ళ మధ్య తిరగతాదంట" అన్న నోళ్ళన్నీ నేను టికెట్టు కొట్టి మూయిచ్చినవే. అది పోతే నేనేంది? ఇంట్లో, రైక తగలకుండా గోడ పక్క నిలబడే మనిషిని.

ఆ కోపమంతా నాయన మీద తీర్చినాను. నాకు సాయానికని ఆయన చెరుకు మడి పక్కింటోళ్ళకు అప్పజెప్పి మా ఇంట్లోనే ఉండాడు అప్పుడు. సంగటి కెలికి పెడతాడు, గుడ్డలు ఆరేస్తాడు. నేను మంట లేసినప్పుడల్లా, "అంతా నీ వల్లే! ఆ బొమ్మలు రాపిచ్చకుండా మూడో దినమే డాక్టరు కాడికి పంపిచ్చింటే ఈ గతి పట్టేదా?" అని ఎత్తిపొడిచేదాన్ని. ఆయన తువ్వాలతో మొగం తుడుచుకోని వాకిట్లోకి పొయ్యేవాడు. ఒక మారు కాదు, నెలల తరబడి అట్టనే అన్నాను.

మంచు కాలం వచ్చింది. చిక్కుడు మాదిరి ఉండే అనపకాయల కాలం. ఆ దినాల్లో నేను మళ్ళా సెలవు పెట్టి ఇంట్లో ఉంటే, మా చెల్లెలి కూతురు శైలజ సూడ్డానికి వచ్చింది. ఆ పిల్ల తిరపతిలో ఎమ్మెస్సీ చదివి, ఒక కాలేజీ ల్యాబులో గింజల్లోంచి ప్రోటీన్లు వేరు చేసే పనిలో ఉండాది. నాయన అనపకాయలు ఒలస్తా ఉంటే, తానూ పక్కన కూర్చోని ఒలస్తా మాటల్లో పడింది.

"పెద్దమ్మా, మేము గూడా చిక్కుడు జాతి గింజల మీదనే పని చేస్తా ఉండాం తెలుసా? వాటిల్లో లెక్టిన్ అని ప్రోటీన్ ఉంటాది. వేరే దేశాల్లో ఆ రకం ప్రోటీన్లు ఎలకలకు సూదితో ఎక్కిచ్చి సూస్తా ఉండారంట, నొప్పి తగ్గతాదా లేదా అని. మా సారు చెప్పినాడు."

నొప్పి అన్న మాట చాలు కదా నాకు. "తగ్గతాదా?" అన్నాను.

"కొన్నిట్లో తగ్గినట్టే కనపడతా ఉండాదంట. యాడ పని చేస్తాదో ఇంకా సరిగ్గా తెలీదు. కెనబినాయిడ్ రిసెప్టర్లు అని ఒంట్లో ఉంటాయి, నరాల మీద బీగాల మాదిరి. గంజాయి పోయి పట్టేది ఆ బీగాలనే. అవి తెరుచుకుంటే నొప్పి కబురు మెదడుకు తక్కువగా పోతాది. ఈ ప్రోటీన్ గూడా సుట్టు తిరిగి ఆ బీగాల దావలోనే పని చేస్తాదేమోనని ఒక అనుమానం."

"ఓయమ్మా, గంజాయా! పోలీసోళ్ళొచ్చి పట్టకపోతే సరి" అన్నాడు నాయన.

శైలజ పకపకా నగింది. "గంజాయి కాదు తాతా. ఆ బీగాలు మన ఒంట్లో పుట్టుకతోనే ఉంటాయి. వాటికి సరిపోయే మందు మన ఒళ్ళే రవంత రవంత తయారు చేసుకుంటాది."

"మరి మనం ఏటేటా అనపగింజలు తింటానే ఉండాము కదా. నాకెందుకు తగ్గలేదు?" అన్నాను నేను.

ఆ పిల్ల గింజలు ఒలస్తా, తల ఎత్తకుండానే అనేసింది. "ఉడకబెడితే ఆ ప్రోటీన్ సచ్చిపోతాది పెద్దమ్మా. మేము ల్యాబులో పచ్చిగింజలే నూరతాము." అంతే. ఇంకో మాటలోకి పొయ్యింది. బస్సెక్కి ఎల్లిపొయ్యింది.

ఆ ఒక్క మాట నా నెత్తిన కూర్చున్నాది. ఉడకబెడితే సచ్చిపోతాది! అంటే మందు మన వాకిట్లోనే ఉండాది, మనమే పొయ్యి మీద పెట్టి సంపుకుంటా ఉండామని అనుకున్నాను. పితికిపప్పు మాకు కొత్తా ఏంది? గింజల్ని నీళ్ళల్లో నానేసి, బొటనేలుతో పితికితే పప్పు పొట్టులోంచి జారి బయట పడతాది. ఉడికిచ్చి పులుసు చేస్తాము. ఉడికిచ్చే పని ఒకటి మానుకుంటే సరిపాయ కదా అనుకున్నాను. ఎవుర్నీ అడగలేదు. శైలజకు ఫోను చేసుంటే ఒక్క నిమిషంలో చెప్పేది. అడిగితే వద్దంటాదేమోనని నాకు లోపల తెలుసు. అందుకే చెయ్యలేదు.

తెల్లారినాక పితికిన పచ్చి పప్పు గుప్పెడు రోట్లో నూరి, మజ్జిగలో కలిపి తాగినాను. పసురు వాసన. కడుపులో దేవినట్టయినాది గానీ ఓర్చుకున్నాను. ఆ మద్దేనం, మీరు నమ్మండి నమ్మకపొండి, మంట తగ్గినట్టే అనిపిచ్చింది. పైట గాలికి ఎగిరినా ఉలిక్కిపడలేదు. బీగం తెరుచుకుంటా ఉండాదని అనుకున్నాను. ఆ సంతోషంతో ఇంకో తప్పు చేసినాను. నిద్దర మొగం పెట్టే ఆ మాత్రలు రెండూ ఆపేసినాను.

రెండో దినం ఇంకా ఎక్కువ నూరినాను. నాయన సూస్తా ఉండాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగితే మూలగతాడు. డెబ్బై దాటినాయి. నేను ఆ గ్లాసులో సగం ఇంకో గ్లాసులోకి వంచి ఆయనకిచ్చినాను.

"తాగు నాయనా. మోకాళ్ళకు మంచిది. సైన్సు ఇది, నీ సింహం బొమ్మ కాదు."

ఆ మాట గూడా అన్నాను సూడండి. ఆయన గ్లాసు తీసుకోని, నా మొగం సూసి, గటగటా తాగేసినాడు. ఎంత సేదు మొగం పెట్టినాడో! ఐనా తాగినాడు. నన్ను కాదంటే మళ్ళా ఎత్తిపొడస్తానని భయపడినాడో, నేను సంతోషంగా ఉండానని ఓర్చుకున్నాడో, నాకు తెలీదు.

మూడో దినం మళ్ళా ఇద్దురమూ తాగినాము. గంట దాటలేదు, నాకు వాంతులు మొదలయినాయి. కడుపులో కత్తులు తిప్పినట్టు. ఎనకనే బేదులు. నేను దొడ్లోనే కూలబడినాను. లోపల నాయన వాంతి చేసుకునే శబ్దం వినపడతా ఉండాది, లేసి పొయ్యే శక్తి నాకు లేదు. కొంచేపటికి ఆ శబ్దం గూడా ఆగిపోయింది. అది ఇంకా భయం. "నాయనా! నాయనా!" అని అరిచినాను. పలకలేదు. పాక్కుంటా లోపలికి పోతే, మంచం పక్కన నేల మీద పడుండాడు, కండ్లు సగం మూసి, కాళ్ళు చేతులు మంచుగడ్డ మాదిరి. ఆ క్షణం నా ఈపు మండతా ఉండాదా లేదా అనేది నాకు జ్ఞాపకమే లేదు.

పక్కింటామె మా ఆయనకు ఫోను జేసింది. ఇద్దర్నీ ఒకే ఆటోలో ఏసుకోని పొయ్యినారు. నాయనకు నాడి చేతికి అందడం లేదు, బీపీ పడిపోయిందన్నారు. నరం దొరక్క నర్సమ్మ మూడు చోట్ల పొడిచింది. సెలైను ఎక్కిస్తానే ఉండారు, ఒంటేలు రావడం లేదు. "క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, కిడ్నీలకు దెబ్బ తగిలింది, వయసు కూడా పెద్దది, ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేము" అన్నాడు డ్యూటీ డాక్టరు. నన్ను పక్క మంచం మీదనే ఏసినారు. నా చేతిలో సెలైను, కండ్ల ముందర నాయన. మాత్రలు ఆపేసినందుకు నా మంట రెండింతలై తిరిగొచ్చింది. ఆ మంట నాకు కావాల్సిందే అనిపిచ్చింది.

నాకు అప్పుడు తెలిసింది, నాయన నాకు చేసిందీ, నేను నాయనకు చేసిందీ ఒకటేనని. ఆయన నన్ను బతికిచ్చుకోవాలనే రాపిచ్చినాడు. నేను ఆయన మోకాళ్ళు బాగుపడాలనే పోసినాను. ఆయన్ని నేను నెలల తరబడి కాల్చుకుతిన్నాను. ఇప్పుడు నన్ను ఎవురు కాల్చుకుతినాల?

పెద్ద డాక్టరు వచ్చి అంతా విని, నెత్తి కొట్టుకోలేదు గానీ కొట్టుకున్నంత పని చేసినాడు. "పచ్చి చిక్కుడు జాతి గింజలు విషమమ్మా. మన పెద్దవాళ్ళు ఊరికే ఉడికించి తినలేదు. ఆ లెక్టిన్ పేగు గోడకు పట్టుకొని వాంతులు, విరేచనాలు తెస్తుంది. ఇంకా వేరే విషాలు కూడా ఉంటాయి. మీరనుకునే నొప్పి మందు సంగతి వేరు. శుద్ధి చేసిన ప్రోటీన్, కొలిచి, ఎలకకు సూదితో ఎక్కిస్తారు. నోట్లో పోసుకుంటే అది నరం దాకా పోదు, పొట్టలోనే ఆగిపోతుంది. మనుషులకు పని చేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు."

"మరి మొదటి దినం తగ్గింది కదా సార్?"

"తగ్గాలని మీకంత ఆశగా ఉంది. ఆశకు కూడా కొంచెం నొప్పి తగ్గుతుంది. రెండు రోజులు."

మా ఆయన గుమ్మంలో నిలబడి, మొదటి మారు గట్టిగా మాట్లాడినాడు. "కొండనాలుక్కు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు చేసినావు కదే!" అని, మొగం తిప్పుకోని ఏడిసినాడు. శైలజ తిరపతి నుంచి పరిగెత్తుకోని వచ్చి, "నేను చెప్పకుండా ఉండాల్సింది పెద్దమ్మా" అని నా కాళ్ళ కాడ కూర్చున్నాది. "నువ్వు సరిగ్గానే చెప్పినావు బిడ్డా. నేనే సగం విన్నాను" అన్నాను.

రెండో దినం మద్దేనం నాయనకు ఒంటేలు వచ్చింది. నర్సమ్మ ఆ సంచి ఎత్తి సూపిచ్చి, "వచ్చింది, వచ్చింది" అంటే, వార్డులో అందరూ నగినారు. నేను ఎక్కెక్కి ఏడిసినాను. సాయంత్రం ఆయన కండ్లు తెరిచి నా పక్క సూసినాడు.

"నాయనా, నిన్ను సంపేసింటాను నేను" అన్నాను.

గొంతు లేదు ఆయనకు. గాలి మాదిరి అన్నాడు. "నీకు అక్కి రాపిచ్చింది నేను. నాకు పప్పు పోసింది నువ్వు. సెల్లుకు సెల్లు. ఇంక ఆ మాట ఇద్దురమూ ఎత్తొద్దు."

నా నొప్పి తగ్గడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. తిరపతి డాక్టరు మాత్రలు మళ్ళా మొదలు పెట్టి, మెల్లి మెల్లిగా పెంచినాడు. చిన్న మాత్ర సాయంత్రం ఆరుకే ఏసుకోమన్నాడు, తెల్లారి నిద్దర మొగం లేకుండా. ఆ ఒక్క మార్పు ముందే అడిగింటే మాత్రలు ఆపే పనే ఉండేది కాదు. పక్కటెముకల మధ్య నరానికి ఒక సూది, నర్వ్ బ్లాక్ అంటారు, రెండు మార్లు ఏసినారు. ఆ సూది అంటే సచ్చేంత భయపడినాను గానీ, దాని తర్వాతనే రైక నొయ్యకుండా తొడుక్కున్నాను. మేనేజరు ఇంకొన్నాళ్ళు డిపో లోపలే కూర్చునే డ్యూటీ ఏసి కాపాడినాడు. బోర్డు దాకా పోలేదు. ఇప్పుడు మళ్ళా బస్సెక్కతా ఉండాను. సంచి ఎడమ భుజం మీద నుంచి కుడి పక్కకు. మబ్బు పట్టిన దినాల్లో ఎడమ పక్క సుర్రుమంటాది. ఓర్చుకునేంతే.

నాయన దక్కినాడు. క్రియాటినిన్ దిగింది గానీ పూర్తిగా దిగలేదు. ఉప్పు తగ్గిచ్చినారు, నెలకొక మారు రక్తం చూపిచ్చాల. మునుపటి మనిషి కాదు. చెరుకు మడికి నీళ్ళు తిప్పడానికి పార పట్టుకున్నోడు, ఇప్పుడు గెనిమ గట్టు మీద కూర్చోని ఇంకొకరు తిప్పేది సూస్తాడు. అది నేను చేసిన పని. ఆయన ఎత్తొద్దన్నాడు కాబట్టి ఆయన ముందర ఎత్తను. మీకు చెప్తా ఉండాను.

శైలజ వాళ్ళు ఇంకా గింజలు నూరతానే ఉండారు. ఏదో ఒక పొద్దు ఆ ప్రోటీన్లతో నిజంగానే మందు వస్తాదేమో. వస్తే డాక్టరు రాసిస్తాడు, అప్పుడు మింగుదాము.

చదివినోళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఒంటికి ఒక పక్కనే మంట పుట్టి పొక్కులు లేస్తే, మూడు దినాల లోపల డాక్టరు దగ్గరికి పొండి. సింహం బొమ్మ కావాలంటే ఆయనకు సూపిచ్చినాక రాపిచ్చుకోండి. ఏదైనా కొత్త మందు మాట వింటే, మింగే ముందు మీ డాక్టర్ని అడగండి. అడగడానికి సిగ్గయి, భయమై, మీరే తాగినారనుకోండి, ఖర్మ, మీ ఒళ్ళు మీ ఇష్టం. ఇంకొకరి గ్లాసులో మాత్రం పొయ్యద్దండి. మనల్ని నమ్మినోళ్ళు ఏముందో సూడకుండా తాగేస్తారు.